తల తిరగలేదు

కిందటి వారం మిమ్మల్ని మా స్నానాలగది గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. కాళ్ళు పీకి ఉంటాయి, ఏమనుకోకండి. నేనూ అక్కడే ఉన్నాను. నా వెనకాల గోడకి కడ్డీలు బిగించే మనిషి డ్రిల్లు మిషను పట్టుకుని నిలబడ్డాడు. నా ముందు మా మామయ్య రెండు చేతులూ గుమ్మానికి అడ్డంపెట్టి నిలబడ్డారు. ఆ మిషను గోడకి ఆనించే ముందు తన గుండెకి ఆనించమంటున్నారు.

ఈ వారమే ఈ పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం గబగబా చెప్పేస్తాను. మా మామయ్యని ఊళ్ళో అందరూ అద్దం మేస్త్రి అంటారు. మొజాయిక్ గచ్చులకి పాలిష్ పట్టడం ఆయన పని. పెద్దపెద్ద ఆఫీసుల్లో, హాళ్ళలో ఆయన పట్టిన పాలిష్ మీద జనం వంగి తల దువ్వుకునేవారట. మా హాల్లో గచ్చు కూడా ఆయన చేత్తో చేసిందే. ఆ గచ్చు మీదే మా అత్తయ్య పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎలా పడ్డారంటే తల తిరిగిందంది. ఆపరేషన్ చేసి, తల తిరుగుడుకి మాత్రలు రాసి, వాకరు చేతికిచ్చి పంపారు. ఇంటికొచ్చాక స్నానాలగది గుమ్మంలో మళ్ళీ పడింది. ఈసారి మణికట్టు బెణికింది. డాక్టరు మాత్రలు రెట్టింపు చేసి, నన్ను పక్కకి పిలిచి, "ఇంకోసారి పడితే మళ్ళీ లేపగలనని నేను మాటివ్వలేనమ్మా" అన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. గిన్నె కింద పడ్డ చప్పుడైనా కుట్టుమిషను వదిలేసి పరిగెడుతున్నాను.

మా ఆయన సంగతి అడక్కండి. రైలు డ్రైవరు. డ్యూటీలో ఉంటే ఫోనెత్తడు, ఇంట్లో ఉంటే నోరెత్తడు.

సరే, గుమ్మం దగ్గరికి వద్దాం.

"మామయ్యా, తప్పుకోండి. కడ్డీ లేకపోతే అత్తయ్య దేన్ని పట్టుకుని లేస్తుంది?"

"నన్ను పట్టుకుని లేస్తుంది."

"మీరు బయటికెళ్తే?"

"వెళ్ళను."

"మీరు నిద్రపోతే?"

"నిద్రెక్కడుందమ్మాయ్ నాకు! నువ్వు పోనిస్తేగా!"

అదీ వరస. నా మెళ్ళో టేపు వేలాడుతోంది. నేను బట్టలు కుట్టేదాన్ని, నాకు తెలిసిన కొలత ఒకటే, మనిషి కొలత. అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, లేచేటప్పుడు చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూసి, గోడమీద సుద్దతో గీతలు పెట్టాను. పొద్దున లేచి చూస్తే గీతలన్నీ తుడిచేసి ఉన్నాయి. గోడ తళతళలాడుతోంది.

"పోనీ కడ్డీలొద్దు. అత్తయ్య మంచం నుంచి హాలు మీదుగా స్నానాలగది దాకా గరుకు పట్టీలైనా అంటించనివ్వండి. ఆస్పత్రి నుంచి వచ్చి అత్తయ్యకి వ్యాయామం చేయించే అమ్మాయి కూడా అదే చెప్పింది కదా. ముందు నేల సంగతి చూడండి, తర్వాతే వ్యాయామం అంది."

"గరుకు పట్టీలా? నా గచ్చు మీదా?" ఆయన గొంతు పైకి లేవలేదు, కిందకి దిగింది. కోపం ఎక్కువైతే ఆయన గొంతు దిగుతుంది. "అంతకంటే నా మొహాన తారు పుయ్యమ్మాయ్. దోషం నేలది కాదు, తలది. తల తిరిగేవాళ్ళు పరుపు మీద నడిచినా పడతారు. పెద్ద డాక్టరు చెప్పాడు తల అని. నువ్వు ఆయనకంటే ఎక్కువ చదువుకున్నావా?"

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనేం చెప్పను? డాక్టరు నిజంగానే తల అన్నారు. కాగితం మీద కూడా అదే రాశారు. నా దగ్గర ఉన్నదల్లా భయం ఒక్కటే, భయాన్ని చూపించి ఎవర్ని ఒప్పిస్తాం?

కడ్డీల మనిషి మిషను సంచిలో పెట్టేసుకున్నాడు. "మీరూ మీరూ తేల్చుకుని కబురు పెట్టండమ్మా. నేను గోడలకే చిల్లులు పెడతాను, కాపరాలకి కాదు" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. నేను ఆ గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. మామయ్య చేతులు దించి, నా పక్కనుంచి తప్పుకుని, హాల్లోకి వెళ్ళి గుడ్డతో గచ్చు తుడవడం మొదలుపెట్టారు. కడ్డీల మనిషి అడుగుల ముద్రలు పడ్డాయట.

ఏడ్చినంత సేపు ఏడ్చి లేచాను. అత్తయ్యకి స్నానం చేయించాలి. నీళ్ళు చల్లారిపోతున్నాయి.

మా అత్తయ్య ఎలాంటి మనిషో మీకు తెలియదు. ఈ గదిలో కూర్చుని పక్కగదిలో నేను కుట్టే గౌను అంచు వంకర పోయిందని చెప్పగల మనిషి. "ఆ మిషను చప్పుడు తేడాగా ఉందే, దారం లాగుతోంది చూడు" అనేది. నేను పెళ్ళై వచ్చిన కొత్తలో ఆవిడ నోటికి భయపడి వంటింట్లో దాక్కునేదాన్ని. అలాంటి మనిషిని ఇప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి నెత్తిన నీళ్ళు పోస్తుంటే, ఆ నీళ్ళ కిందే కునికిపాట్లు పడుతోంది. సబ్బు చేతిలో పెడితే జారి పడింది. వంగబోయింది. నేను భుజం పట్టుకుని ఆపాను.

"అత్తయ్యా, తిరుగుతోందా తల?"

"లేదే. బరువుగా ఉంది. బురదలో దిగబడ్డట్టుంది."

"మొదటిసారి పడ్డారే, అప్పుడూ ఇలాగే ఉందా?"

ఆవిడ మళ్ళీ కునికింది. నేను వీపు రుద్దుతూ మళ్ళీ అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు. బాధ ఎప్పుడు మొదలైందో తెలిస్తే సాయంత్రం డాక్టరుకి చెప్పొచ్చు కదా అనుకున్నానంతే.

"అప్పుడు నా తల నీ తలకంటే నిక్షేపంగా ఉంది" అంది అత్తయ్య.

నా చెయ్యి ఆగిపోయింది.

"తల తిరగలేదా?"

"తిరగలేదు. నా జన్మలో ఎప్పుడూ తిరగలేదు. తలుపెయ్యవే ముందు."

తలుపు వేశాను. ఆవిడ కళ్ళు మూసుకునే చెప్పుకొచ్చింది. మధ్యమధ్యలో మాట ముద్దగా అయిపోతోంది, నేను బుగ్గ మీద తడుతున్నాను, మళ్ళీ అందుకుంటోంది.

ఆ రోజు మామయ్య పాత శిష్యులు ఎవరినో వెంటబెట్టుకుని వస్తామన్నారట. ఇప్పటివాళ్ళు యంత్రాలతో పట్టే పాలిష్ కాదు, మా గురువు చేత్తో పట్టింది చూడండి అని చూపించడానికి. మామయ్య తెల్లారకముందే లేచి హాలంతా మైనం రుద్దేశారు. అలా రుద్దినప్పుడు ఆరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదు, ఈ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు ఆ సంగతి. కానీ రుద్దినట్టు ఆవిడకి తెలిస్తే కదా! ఆయన పనిచేస్తున్నంత సేపూ ఆవిడ నిద్రలో ఉంది. లేచి, రోజూ నడిచే దారేనని నడిచింది.

"పడ్డప్పుడు నొప్పి తెలియలేదే. ఆయన పరిగెత్తుకొచ్చాడు. వచ్చి నా మొహం చూడలేదు, గచ్చు చూశాడు. నా కాలు జారిన చోట మైనం మీద గీత పడిందే, అటు చూస్తున్నాడు. ఆ మొహం నువ్వు చూళ్ళేదు. ఇంకొక్క క్షణం ఆగితే ఆయనకి తెలిసిపోయేది. అందుకని నోటికొచ్చింది అనేశా, తల తిరిగిందండీ అని. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు మనిషి."

"మరి డాక్టరుతో?"

"డాక్టరు అడిగేటప్పుడు ఆయన పక్కనే ఉన్నాడుగా! ఒకసారి అన్నాక ఇక మార్చడమెలా? నువ్వు కుట్టిన బట్టయితే విప్పి మళ్ళీ కుడతావు."

ఒక్కొక్కటే తెలిసొస్తోంది. లేని తల తిరుగుడుకి మాత్ర రాశారు. ఆ మాత్రతో మనిషి మత్తుగా అయిపోయింది. ఆ మత్తులో గుమ్మం దాటబోయి పడింది. పడిందంటే తల తిరుగుడు తగ్గలేదనుకుని మాత్రలు రెట్టింపు చేశారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, మా ఇంట్లో కొండనాలుక జబ్బు కూడా లేదు. ఉత్తినే నాలుక ఊడబెరుకుతున్నాం. దానికి తోడు ఆ గచ్చు అలాగే ఉంది, రోజూ తళతళలాడుతూ.

"అత్తయ్యా! మీకు మతి ఉందా అసలు? రెండోసారి దేనివల్ల పడ్డారో మీకు తెలుసా?"

"తెలుసు."

"తెలిసీ మింగుతున్నారా!"

"మింగకపోతే ఎందుకు మింగవంటాడు." ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసింది. కళ్ళలో ఆ పాత అత్తయ్య ఒక్క క్షణం కనపడింది. "ఆయనకి ఇంకేం మిగిలిందే? చేతులు వణుకుతున్నాయి, పనికి పిలిచే నాథుడు లేడు. పొద్దున లేచి ఆ గచ్చు చూసుకుని టీ తాగుతాడు. ఆ గచ్చే నా పెళ్ళాన్ని పడేసిందని తెలిస్తే ఆ మనిషి ఇక లేస్తాడా? నువ్వు చెప్పకూడదు. నా మీద ఒట్టు."

"మీరు లేవకపోతేనో?"

"నేనెలాగూ…"

"నోరు ముయ్యండి" అన్నాను. మా అత్తయ్యని నేను ఎన్నడూ ఆ మాట అనలేదు. ఆవిడ నిజంగానే నోరు మూసుకుంది. ఇద్దరం ఏడ్చాం. ఒంటిమీద సబ్బు ఆరిపోతోంది, నేను చెంబుతో నీళ్ళు పోస్తున్నాను, ఏవి నీళ్ళో ఏవి కన్నీళ్ళో నాకు తెలియలేదు.

ఆవిణ్ణి తుడిచి, బట్టలేసి, ఒక చేత్తో నడుం పట్టుకుని, ఇంకో చేత్తో వాకరు సర్దుతూ హాలు దాటించి మంచం మీద పడుకోబెట్టాను. హాలు దాటుతున్నంత సేపూ నా ప్రాణం నా అరికాళ్ళలో ఉంది. ఇన్నేళ్ళు చెప్పుల్లేకుండా తిరిగిన గచ్చు అది. ఆ రోజు దాన్ని చూస్తే పగవాణ్ణి చూసినట్టుంది.

వంటింట్లోకి వెళ్ళి ఆస్పత్రికి ఫోన్ చేశాను. డాక్టరుగారు ఆపరేషన్లో ఉన్నారని నర్సు చెప్పింది. ఉన్న విషయం చెప్పాను. ఆ పిల్ల లోపల ఇంకో డాక్టరుని అడిగొచ్చి, "మధ్యాహ్నం మాత్ర ఆపండి. సాయంత్రం తీసుకురండి, డాక్టరుగారే చూసి చెప్తారు. ఈలోగా ఒంటరిగా మాత్రం అడుగు వెయ్యనివ్వకండి" అంది.

ఆపండి అనడం తేలిక. మా ఇంట్లో మాత్రలు నా చేతిలో ఉన్నాయా? మాత్రలు మామయ్యవి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి, చేతులు సబ్బుతో కడుక్కుని, గ్లాసు రెండుసార్లు తుడిచి, ఆయనే మింగిస్తారు. నన్ను ముట్టుకోనివ్వరు. ఆయనకి తెలిసిన ప్రేమ అదే. ఏ పనైనా శుభ్రంగా, టైముకి చెయ్యడం.

నేను గదిలోకి వెళ్ళేసరికి ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నారు. ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో గ్లాసు. గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

"ఒసేయ్, లే. నోరు తెరువు."

"మామయ్యా, ఈ పూటకి వద్దు" అన్నాను.

"ఎందుకొద్దు?"

"ఆస్పత్రికి ఫోన్ చేశాను. సాయంత్రం చూసేదాకా ఆపమన్నారు."

"ఎవరన్నారు? డాక్టరన్నాడా?"

"నర్సు అడిగి చెప్పింది."

"నర్సుకి నువ్వేం చెప్పావ్?"

అత్తయ్య దిండు మీదనుంచి నన్నే చూస్తోంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. "మత్తుగా ఉంటోందని చెప్పాను" అన్నాను చివరికి.

"మత్తుగా ఉంటే మంచిదే. పడుకుంటే పడరు." ఆయన నా వైపు తిరిగారు. "పొద్దున నా గచ్చు మీద పడ్డావ్. ఇప్పుడు మీ అత్తయ్య మందు మీద పడ్డావ్. అసలు నీకేం కావాలమ్మాయ్? ఇది బాగవడం నీకిష్టం లేదా?"

ఆ మాట ఎంత గుచ్చుకుందో రాయడానికి నాకు చేతకాదు. అత్తయ్యకి కూడా గుచ్చుకుంది. పెదవులు కదిలాయి. ఇప్పుడు చెప్తుంది, ఇప్పుడు చెప్పేస్తుంది అనుకున్నాను. దేవుడా, చెప్పించు అనుకున్నాను.

"దాన్నేం అనకండి" అంది అత్తయ్య. "ఏదీ, ఇటివ్వండి."

"అత్తయ్యా, వద్దు!"

ఆవిడ మాత్ర నోట్లో వేసుకుంది. నన్ను చూస్తూనే నీళ్ళు తాగింది. గొంతు కదలడం నాకు కనపడింది. మామయ్య ఆవిడ మూతి తుడిచి, దుప్పటి సర్ది, "మా తల్లే" అన్నారు. చిన్నపిల్లతో మాట్లాడినట్టు అన్నారు. ఆయన గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

నేను ఒట్టు తప్పుతున్నానని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. ఆవిడ ఆయన్ని కాపాడుకోవాలని చూస్తోంది, మంచిదే, మరి ఆవిణ్ణి ఎవరు కాపాడతారు? రాత్రికి ఇంకో మాత్ర. రేపు పొద్దున ఇంకోటి. మా ఆయన వచ్చేసరికి ఈ ఇంట్లో ఏం మిగిలి ఉంటుంది?

పెరట్లో పంపు దగ్గర ఆయన గ్లాసు కడుగుతున్నారు.

"మామయ్యా, అత్తయ్యకి ఆ రోజు తల తిరగలేదు."

చేతులు ఆగాయి. పంపు కారుతూనే ఉంది.

"ఎవరు చెప్పారు?"

"అత్తయ్యే చెప్పింది."

"మందు మత్తులో ఏదో వాగి ఉంటుంది."

"వాగలేదు. ఆ రోజు తెల్లారకముందే మీరు మైనం రుద్దారా, లేదా?"

మామయ్య కడిగిన గ్లాసే మళ్ళీ పంపు కింద పెట్టారు.

"అత్తయ్యకి చెప్పారా?"

"చెప్పా…" అని ఆగారు. పంపు కట్టేశారు. "చెప్పలేదు. మంచి నిద్రలో ఉంది. లేపబుద్ధి కాలేదు. లేచేలోపు ఆరిపోతుందిలే అనుకున్నా."

అక్కడితో ఆగాల్సింది నేను. ఆగలేదు. ఇన్నాళ్ళ భయం, పొద్దుటి గొడవ, ఆయనన్న ఆ మాట, అన్నీ కలిసి నోట్లోంచి దూకాయి. లేని జబ్బుకి మందన్నాను. ఆ మందువల్లే రెండోసారి పడిందన్నాను. "ఇప్పుడు కూడా మీ చేత్తో మీరే మింగించి వచ్చారు" అన్నాను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు పెద్దలు. మా ఇంట్లో రెండూ తీసుకోలేనివే.

మామయ్య పంపు పక్కన గట్టు మీద కూర్చున్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదది?"

"మీరు తట్టుకోలేరని."

"నేను తట్టుకోలేనని." ఆయన ఆ మాట మెల్లిగా, అర్థం కానట్టు, మళ్ళీ అన్నారు. "వచ్చినవాళ్ళందరి దగ్గరా నేను దాని తలనే తప్పుపట్టానమ్మాయ్. మా ఆవిడ తలలో దోషం, నా నేలలో లేదు అని. అది పక్కనే కూర్చుని ఊఁ కొట్టింది."

నాకు ఆయన మీద కోపం ఎటుపోయిందో తెలియదు. చెయ్యి పట్టుకోబోయాను. ఆయన విడిపించుకుని, గ్లాసు గట్టు మీద బోర్లించి, చేతులు తుడుచుకుని లేచారు. "సాయంత్రం ఆస్పత్రికి నేనూ వస్తా. డాక్టరుతో నేనే చెప్తా" అన్నారు. గొంతు మామూలుగానే ఉంది. లోపలికి వెళ్ళిపోయారు.

నేను వెంట వెళ్ళలేదు. ఆవిడ దగ్గరికే వెళ్తున్నారనుకున్నాను. మొగుడూ పెళ్ళాం, ఇన్నేళ్ళ కాపరం, మధ్యలో నేనెందుకు, కాస్త ఏడ్చి తేలికపడనీ అనుకున్నాను. గట్టు మీద కూర్చుని మొహం కడుక్కున్నాను. వంటింట్లోంచి హాల్లోకి వెళ్ళే తలుపు గడియ పడ్డ చప్పుడు వినపడింది. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. తలుపు వేసుకుని మాట్లాడుకుంటున్నారు, మంచిదే అనుకున్నాను.

తర్వాత ఏదో బరువైంది ఈడ్చిన చప్పుడు. బకెట్టుతో నీళ్ళు కుమ్మరించిన చప్పుడు.

ఆ తర్వాత ఇల్లంతా అదిరేలా మోత. ఆ మోత ఏమిటో నాకు వెంటనే తెలిసింది. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ వింటున్నదే. పాలిష్ మిషను. మామయ్య బయటి పనులకి తీసుకెళ్ళే ముందు ఇంట్లో తిప్పి చూసుకునేది, పని మానేశాక గోనెపట్టా కప్పి హాలు మూల పెట్టిన మిషను.

వంటింట్లోకి పరిగెత్తి తలుపు బాదాను. "మామయ్యా! తలుపు తియ్యండి! మామయ్యా!" ఆ మోతలో నా అరుపు నాకే వినపడలేదు. వీధి తలుపుకీ లోపల గడియే, కరెంటు తీసేద్దామంటే మీటరు పెట్టె హాల్లోనే ఉంది. పెరటి దారిన ఇంటి పక్కకి పరిగెత్తాను. ఆ సందులో రెండు కిటికీలు. మొదటిది అత్తయ్య గదిది. ఆవిడ మత్తులో పడుకునే ఉంటుందిలే, లేవదులే అని నాకు నేనే చెప్పుకుంటూ ఊచలు పట్టుకుని చూశాను.

దుప్పటి తీసి ఉంది. వాకరు మంచం పక్కనే ఉంది. ఆవిడ లేదు.

రెండో కిటికీ దగ్గరికి ఎలా చేరానో తెలియదు. హాలంతా నీళ్ళు, నీళ్ళలో రాతిపొడి కలిసి పాలలాంటి బురద. మామయ్య మాసిన బనీను మీద, వీపు అత్తయ్య గదివైపు తిప్పి, మిషను మీద వంగిపోయి ఉన్నారు. మిషను కింద గరుకు రాయి బిగించారు. అది తిరిగిన చోటల్లా మెరుపు పోయి గచ్చు బూడిదరంగుకి తిరుగుతోంది. ఎన్నేళ్ళు కూర్చుని తెచ్చుకున్న మెరుపో, చూస్తుండగా పోతోంది. ఆయన భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మిషను అదురుకో ఏడుపుకో నాకు తెలియలేదు.

ఆయన వెనకాల గది గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది.

ఎలా లేచిందో, మంచం నుంచి గుమ్మం దాకా ఏది పట్టుకుని వచ్చిందో! జుట్టు ఇంకా తడిగానే ఉంది. కళ్ళు సగం మూసుకుపోతున్నాయి. బెణికిన చెయ్యి పొట్టకి ఆనించుకుని, మంచి చేత్తో తలుపు చట్రం పట్టుకుని, నోరు తెరిచి ఏదో అరుస్తోంది. నాకు మాట వినపడలేదు, పెదవులు కనపడుతున్నాయి. "ఆపండి" అంటోంది. "గచ్చు పాడైపోతోందండీ, ఆపండి" అంటోంది.

"అత్తయ్యా! కదలకండి! అక్కడే ఉండండి!" ఊచలు ఊపేస్తూ అరిచాను. "మామయ్యా! వెనక్కి చూడండి! వెనక!"

ఆయన వంగినవారు వంగినట్టే ఉన్నారు. మిషను లాక్కుంటూ వెనక్కి వెనక్కి ఆవిడ గుమ్మం వైపుకే జరుగుతున్నారు, బురదనీళ్ళు ఆవిడ కాళ్ళదాకా వచ్చేశాయి. ఆవిడ కిందకి చూసుకోలేదు. ఆయన్నే చూస్తోంది. ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపాలని ముందుకి వంగింది. చెయ్యి అందలేదు.

అందడం కోసం, పట్టుకున్న చట్రం వదిలేసింది.